ఉబాలయ్యాకే ఆట

సుభద్రమ్మ నోటికి జడవని మనిషి పాతపట్నం చుట్టుపక్కల ఏడూళ్ళలో లేడు. నాటిన వరస వంకరపోతే తిడుతుంది. మడిలో దిగి ముచ్చట్లు పెట్టుకుంటే తిడుతుంది. తిట్టడానికి ఏమీ దొరక్కపోతే, ఇవాళ అందరూ ఇంత బుద్ధిగా ఎందుకున్నారు, ఏం దాస్తున్నారని తిడుతుంది. అయినా ముప్ఫైమంది ఆడవాళ్ళు పాతికేళ్ళుగా ఆమె వెనకే నడుస్తున్నారంటే కారణం ఒక్కటే, ఆమె మాట.

ఆమె ఉబాల మేస్త్రి. ఉబాలంటే వరినాట్లు. ఆ ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. రైతు నారు కోసం ఆకుమడి చల్లిన రోజునే వచ్చి మేస్త్రి చేతిలో తమలపాకులూ వక్కా పెడతాడు. ఆమె పుచ్చుకుందా, ఇక ఆ రైతు పొలం నాటే పూచీ ఆమెది. పిడుగులు పడనీ, ఇంట్లో పెళ్ళి ఉండనీ, ఒళ్ళు కాలిపోయే జ్వరం రానీ, ఆ పొలం అయ్యేదాకా ఆమె జట్టులో ఒక్క మనిషి కూడా ఇంకో పనికి పోకూడదు. మొగుడు పోయిన ఏడాది కూడా సుభద్రమ్మ పెద్దకర్మ అయిన మర్నాడే మడిలోకి దిగింది. ఆ తాంబూలం ముందే పుచ్చుకుని ఉంది మరి.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది రేఖ. ఒడిశా హద్దుకి అవతలి ఊరి పిల్ల. సుభద్రమ్మ కొడుకు చినబాబు ట్రాక్టరు తోలుకుంటూ ఆ ఊళ్ళోకి దమ్ము పనికి వెళ్ళి, పనితో పాటు పిల్లనీ చూసుకుని వచ్చాడు. రేఖ పెట్టెలో నాలుగు చీరలున్నాయి, వాటి అడుగున ఒక బంతి ఉంది. ఆ బంతి గుండ్రంగా లేదు. బొప్పాయికాయలా పొడుగ్గా, రెండు కొసలా మొనదేలి ఉంది.

"ఏటే ఇది? ఎవులైనా తొక్కీసినారేటి?" అంది సుభద్రమ్మ.

"లేదత్తా, అదలాగే ఉంటాది. రగ్బీ బంతి. మా హాస్టల్లో ఆడీవోళ్ళం."

ఆట ఎలా ఆడతారో రేఖ చెప్పింది. బంతిని చంకలో పెట్టుకుని ముందుకు పరుగెత్తాలి. పక్కవాళ్ళకి విసరాలంటే మాత్రం వెనక్కే విసరాలి. అవతలి జట్టువాళ్ళు నడుం పట్టుకుని నేలకేసి పడేస్తారు. తప్పించుకుని గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే అయిదు పాయింట్లు.

"ఓలమ్మా! మొగుడు పడీకపోతే సాలు అనుకుంటాం మేవు. నువ్వు పడీమని ఎదురెల్తావేటే?" అని నవ్వింది అత్త. ఆ నవ్వు చూసి రేఖకి ధైర్యం వచ్చింది. ఆ ఏడు ఉబాల్లో ఒకనాడు గట్టు మీద నిలబడి ఆకు కట్టలు విసరసాగింది. నీళ్ళు కారుతూ, బురదతో జారిపోయే ఆ నారు కట్టల్ని మోకాలిలోతు మడిలో నిలబడ్డ ఆడపిల్లలు ఒంటిచేత్తో, అటూ ఇటూ వంగి, వెనక్కి చూడకుండానే అందుకుని పక్కమనిషికి వెనక్కి విసిరేస్తున్నారు. ఒక్క కట్ట కూడా నీళ్ళలో పడలేదు.

"అత్తా, ఈలందరూ పుట్టుకతోనే ఆటగత్తెలే!" అని గట్టు మీంచే అరిచింది రేఖ.

అలా మొదలైంది. ఆ ఏడు కోతల నుంచి, పని దిగాక, పొద్దు గుంకేలోపు ఉన్న గంటలో, కోత కోసేసిన మడిలో ఆ బొప్పాయికాయ బంతితో ఆడేవారు. సుభద్రమ్మ గట్టు మీద కూర్చుని, ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరి తప్పులూ పట్టేది. రెండేళ్ళయ్యేసరికి శ్రీకాకుళంలో వ్యాయామం నేర్పే అనిత మేడం వాళ్ళ సంగతి విని చూడడానికి వచ్చింది. ఆ తర్వాత ఏడాది ఈ ప్రాంతంలో ఆడవాళ్ళ రగ్బీ లీగ్ పెట్టారు. ఆరు జట్లు, ఆడినవాళ్ళకి జీతం, ఒప్పంద పత్రం, చొక్కా మీద పేరు. శ్రీకాకుళం జట్టులో పన్నెండుమందిని తీసుకుంటే అందులో ఏడుగురు సుభద్రమ్మ జట్టు పిల్లలే. కెప్టెన్ రేఖ.

కోడలు చొక్కా తొడుక్కుని టీవీలో కనిపించిన రోజున సుభద్రమ్మ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి, "టీవీ ఎట్టినారా? ఎట్టండి, ఎట్టండి" అని చెప్పి వచ్చింది. గర్వం దాచుకోవడం ఆమెకి చేతకాదు.

మొదటి సీజను ఫిబ్రవరిలో పెట్టారు. వాన ఉండదు, చల్లగా ఉంటుందన్నారు. చల్లగానే ఉంది గాని నేల రాయిలా ఉంది. రెండో ఆటలో ఎవరో పడేస్తే భారతి భుజమ్మీద పడి మెడ కింది కంటెముక విరిగింది. భారతి సుభద్రమ్మకి అన్నకూతురు. తల్లిలేని పిల్ల. ఆస్పత్రిలో కట్టుకట్టించుకుని వచ్చిన ఆ పిల్లని చూసి సుభద్రమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నేలకి పదునుందో లేదో సూడకుండా ఎవులైనా ఇత్తనాలు సల్లుతారా? మరి మనుసుల్ని ఎలాగ పడీసినారర్రా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ మాట నిజమేనని లీగ్ కమిటీ కూడా ఒప్పుకుంది. వచ్చే ఏడాది నుంచి నేల మెత్తగా ఉన్నప్పుడే పెడదామన్నారు. అందరూ సంతోషించారు.

ఆ సంతోషం జ్యేష్ఠమాసం దాకానే. ఒక పొద్దున్న రేఖ ఫోను పట్టుకుని వంటింటి గడపలో నిలబడిపోయింది. మొహం పాలిపోయి ఉంది.

"అత్తా, తేదీ ఇచ్చినారు. ఆషాడం రెండో ఆదివారం. మొదటిరోజుకి రానోళ్ళ ఒప్పందం రద్దంట."

సుభద్రమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఆషాఢం రెండో ఆదివారమంటే ఉబాలు నడినెత్తిన ఉండే సమయం. అప్పటికే ఆమె పదకొండుమంది రైతుల దగ్గర తాంబూలాలు పుచ్చుకుని ఉంది. జట్టులో చురుకైన చేతులన్నీ ఆ ఏడుగురివే. వాళ్ళు వెళ్ళిపోతే పదకొండు పొలాల్లో సగం పొలాలకి ఆకు ముదిరిపోతుంది. వాళ్ళు వెళ్ళకపోతే ఏడుగురి ఒప్పందాలూ చిరిగిపోతాయి.

"నాను మానేస్తానత్తా. నీ మాటకన్నా నాకు ఆట ఎక్కువ కాదు" అంది రేఖ. అనడమైతే అంది గాని కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కంటెముక అతికి నెలైనా కాకుండానే మళ్ళీ బంతి పట్టిన భారతి ఆ మాట విని చూరు కింద కూలబడింది.

సుభద్రమ్మ గరిట పక్కన పెట్టింది. ఈ పిల్లలకి పుట్టి బుద్ధెరిగాక తమకోసం అంటూ దొరికింది ఆ ఒక్క ఆటే. ఆ ఆట తన తాంబూలం వల్ల పోవడమా? అలాగని ఆటకోసం పాతికేళ్ళ మాట తప్పిందనిపించుకోవడమా? రెండూ ఆమెకి మింగుడుపడలేదు.

"ఎవులూ ఏదీ మానక్కర్లేదు. ఆ తేదీ ఎవులెట్టినారో ఆలనే అడుగుతాను" అని చీర మార్చుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. రేఖ వెనకే పరిగెత్తి ఎక్కింది.

లీగ్ కార్యదర్శి రంగనాథం గారిది శ్రీకాకుళంలో మూడంతస్తుల బట్టల కొట్టు. తాతలనాటి వ్యాపారం. లీగ్‌కి పెట్టుబడి ఆయనదే. మనిషి మంచివాడు, మర్యాదస్తుడు. పై అంతస్తులో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. అనిత మేడం కూడా అక్కడే ఉంది.

"చూడండమ్మా, మేం అన్నీ ఆలోచించే పెట్టాం" అన్నాడాయన. "నేల మెత్తగా ఉండాలన్నారు, వర్షాకాలం వచ్చేస్తుంది. ఆషాఢం ఖాళీ నెల. పెళ్ళిళ్ళు లేవు, ముహూర్తాలు లేవు, జనానికి పనేముంది? ఊరికే ఇళ్ళలో కూర్చుంటారు. ఆటకి వస్తారు. అటునుంచి అటే మా కొట్లో డిస్కౌంట్ సేలుకీ వస్తారు. ఇందులో దాపరికమేముంది?"

సుభద్రమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ముందు నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు వెనకే ఒళ్ళు మండింది.

"ఏటి బాబూ, ఎవులికి కాళీ? మీ కొట్టుకి కాళీ. మా నడుములకి కాదు. ఆషాడంలో మీ గుమస్తాలు ఈగలు తోలుకుంతారు గావాల, మా ఊళ్ళో ముసిలోళ్ళు కూడా మంచం మీద ఉండరు. ఈ జిల్లా సగం మడిలో వంగునుంటే మీ ఆట సూడ్డానికి ఎవులొస్తారు?"

"అందరూ నాట్లకే వెళ్ళరు కదమ్మా."

"మరి మా ఏడుగురు ఆడగుంటల సంగతేటి?"

రంగనాథం గారు చాలా మెల్లిగా అన్నాడు. "వాళ్ళు బాగా ఆడతారు, కాదనను. కాని ఆరు జట్లు, టీవీ వాళ్ళు, పోస్టర్లు... ఏడుగురి కోసం ఇదంతా ఆగదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకునే పిల్లలున్నారు, విజయనగరం వైపు కాలేజీ పిల్లలున్నారు. ఈ ఏడుగురు రాకపోతే ఇంకో ఏడుగురొస్తారు."

ఆ మాట సుభద్రమ్మకి చెంపదెబ్బలా తగిలింది. పక్కన రేఖ తలొంచుకోవడం ఆమె చూసింది. అది చూసిన తర్వాత ఇక వెనకాముందూ చూసుకోలేదు.

"అలాగయితే ఒక పని సెయ్యండి. ఆషాడం మొదటి ఆదివారం ఒక ఆట ఎట్టండి. ఊరికే, టిక్కెట్టు నేకండ. ఆ ఇంకో ఏడుగుర్నీ పిలండి. మైకెట్టి ఊరూరా సెప్పించండి. మీ గేలరీ సగం నిండినాదంటే నా గుంటల్ని నానే పంపీస్తాను. పదకొండు ఇళ్ళకీ ఎల్లి నా తాంబూలాలు నానే తిరిగిచ్చీసి, మేస్త్రితనం మానేస్తాను. నిండనేదనుకోండి, ఆట ఎప్పుడెట్టాలో నాను సెప్తాను, మీరినాల."

"అత్తా!" అని చెయ్యి పట్టుకుంది రేఖ. తాంబూలం తిరిగివ్వడమంటే ఏమిటో ఆ గదిలో అత్తాకోడళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. తిరిగిచ్చిన మేస్త్రిని ఇంక ఏ గట్టు మీదకీ ఎవరూ పిలవరు.

వ్యాపారస్తుడికి పందెం నచ్చింది. పైసా ఖర్చు లేని ప్రచారం. "సరేనమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో సుభద్రమ్మ టిక్కెట్టు కొంగున ముడేసుకుంది. కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తూ కూర్చుంది. తొందరపడ్డానేమో అన్న భయం ఆమదాలవలస దాటాక పట్టుకుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? ఆ వారం వాన పడిందా, తన మాట గెలుస్తుంది. పడకపోతే మడులు ఎండి, జనం నిజంగానే ఖాళీగా ఉంటారు. ఖాళీగా ఉన్నవాళ్ళు ఉచితంగా ఆటంటే రాక మానతారా?

సరిగ్గా అలాగే జరిగేట్టు కనిపించింది. ఆషాఢం వచ్చింది, వాన రాలేదు. ఆకుమళ్ళలో నారు జానెడు దాటి నిలబడి ఉంది గాని దమ్ము చెయ్యడానికి పొలాల్లో నీళ్ళు లేవు. కాలువ వదల్లేదు. ఆకాశం తోమిన గిన్నెలా ఉంది. మగవాళ్ళు టీకొట్టు దగ్గర, ఆడవాళ్ళు అరుగుల మీద. రంగనాథం గారి మైకు ఆటో రోజుకి రెండుసార్లు వీధంట తిరిగి, "రండి! తరలి రండి! ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు!" అని చెవులు చిల్లులు పొడిచేది. ఆ ఆటో నడిపే ఎల్లాజీ పక్కూరివాడే, సుభద్రమ్మకి వరసకి తమ్ముడు.

"అప్పా, అందరూ వొస్తామంతన్నారు. మా ఊరినుండే రెండు వేన్లు మాటాడినారు" అని సంతోషంగా చెప్పాడు. పందెం సంగతి పాపం అతనికి తెలీదు.

"నోరుముయ్యరా, నీ మైకు మండ!" అంది సుభద్రమ్మ.

బుధవారమైంది. గురువారమైంది. ఆమెకి అన్నం సయించలేదు. భారతి వచ్చి, "అత్తా, మాకోసం నువ్వు మేస్త్రితనం పోగొట్టుకుంతే ఆ ఆట మాకెందుకు?" అని ఏడ్చింది.

"ఏడవకే. ఆషాడంలో వాన రాక ఎక్కడికెల్తాది? ఆలీసమైతాది, అంతే" అంది గాని ఆ మాట తన చెవులకే గట్టిగా వినిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తూర్పున సన్నటి మబ్బు లేచింది. సుభద్రమ్మ పెరట్లో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని దానికేసి చూసింది. గాలి మారింది. చూరు మీది తాటాకులు గలగలమన్నాయి. ఒక చినుకు, రెండు చినుకులు, ఆ వెనక మహేంద్రగిరి వైపు నుంచి తెల్లటి తెరలా వచ్చి ఊరిని కమ్మేసింది వాన. సుభద్రమ్మ లోపలికి రాలేదు. తడుస్తూ అక్కడే నిలబడి, "ఇప్పుడా రావడం? నాకు పేనం పోయినాది కదే!" అని వాననే తిట్టింది. తిడుతూనే ఏడ్చింది.

శనివారం పొద్దుటికి కాలువకి నీళ్ళొదిలారు. ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లన్నీ పొలాల్లోకి దిగాయి. చినబాబు సీటు మీదే అంబలి తాగాడు. ఆదివారం తెల్లారేసరికి ఏ పొలం చూసినా వంగిన నడుములే. నాలుగేళ్ళ పిల్లలు గట్ల మీద ఆకు కట్టలు అందిస్తున్నారు. సుభద్రమ్మ జట్టు మొదటి రైతు పొలంలో సగం నాటేసి, అంబలి తాగడానికి గట్టెక్కిన సమయానికి ఎక్కడినుంచో, "రండి! తరలి రండి!" అని వినిపించింది.

చూస్తే ఎల్లాజీ ఆటో గట్టు వారన ఆగి ఉంది. మైకు దానంతటది అరుస్తోంది. ఎల్లాజీ లేడు. పక్క మడిలో, లుంగీ ఎగ్గట్టి, బావమరిది పొలంలో ఆకు పీకుతున్నాడు.

"ఒరే ఎల్లాజీ! మైకు కట్టీరా! కప్పలికి సెప్తన్నావేటి ఆటకి రమ్మని?" అని అరిచింది సుభద్రమ్మ.

"టైము నేదప్పా! ఆకు ముదిరిపోతన్నాది!"

ముప్ఫైమంది ఆడవాళ్ళూ గట్టు మీద కూలబడిపోయేలా నవ్వారు. మైకు మధ్యాహ్నం దాకా కప్పల్ని ఆహ్వానిస్తూనే ఉంది. ఆ తర్వాత బ్యాటరీ అయిపోయింది.

ఆ సాయంత్రం శ్రీకాకుళంలో ఏమైందో సోమవారం పొద్దున్న అనిత మేడం చెప్తేగాని తెలియలేదు. ఆమె ఒక్కతే రాలేదు. కారులోంచి గొడుగు పట్టుకుని రంగనాథం గారు కూడా దిగి గట్టు మీద నిలబడ్డాడు.

నాలుగువేలమంది పట్టే గేలరీలో ముప్ఫైయొక్కమంది కూర్చున్నారట. అందులో పదిమంది వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. పోనీ ఆడేవాళ్ళయినా వచ్చారా అంటే, ఆ ఇంకో ఏడుగురిలో ముగ్గురే వచ్చారు. ఎచ్చెర్ల హాస్టల్లో చదివే పిల్లలు వాన పడగానే బస్సులెక్కి ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళూ రైతుల పిల్లలే మరి, వాళ్ళకీ పొలాలున్నాయి. ఆఖరికి రంగనాథం గారి కొట్లో చీరలు చూపించే ఆడపిల్లలు కూడా పద్దెనిమిదిమందికి పన్నెండుమంది సెలవు పెట్టేశారు. ఆషాఢం సేలు మొదటి ఆదివారం ఆయన స్వయంగా కౌంటరు దగ్గర నిలబడి చీరలు మడతలు పెట్టుకున్నాడట. మూడు తరాలుగా ఆ ఊళ్ళో వ్యాపారం చేస్తూ, ఈ నెలలో కొట్టు ఎందుకు ఖాళీగా ఉంటుందో ఆ రోజుకి గాని ఆయనకి తెలిసిరాలేదు. పెళ్ళిళ్ళు లేకపోవడం వల్లననే అనుకుంటూ వచ్చాడు. కొనేవాళ్ళందరూ మడిలో ఉండడం వల్లనని ఎవరూ చెప్పలేదు.

"సుభద్రమ్మగారూ, మీతో మాట్లాడాలి" అన్నాడాయన గట్టు మీంచి.

ఆమె నడుం ఎత్తలేదు. చేతులు ఆగలేదు. "మాటాడాలంటే దిగండి బాబూ. పన్లో ఉన్నాం."

రంగనాథం గారు బురద కేసి, తన చెప్పుల కేసి చూసుకున్నాడు. తర్వాత గొడుగు అనిత చేతికిచ్చి, ప్యాంటు మడిచి మడిలోకి దిగాడు. రెండడుగులు వేసేసరికి ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. మూడో అడుగు వేస్తుండగా రేఖ, "బాబుగారూ, పట్టుకోండి!" అని ఆకు కట్ట ఒకటి విసిరింది. ఆయన రెండు చేతులూ చాచాడు. కట్ట జారింది, కాళ్ళు జారాయి, మూడంతస్తుల కొట్టు యజమాని వెల్లకిలా బురదలో పడ్డాడు.

కారు డ్రైవరు గట్టు మీద కెవ్వుమన్నాడు. సుభద్రమ్మ అప్పుడు లేచి నిలబడి, ఆయనకి చెయ్యందించింది.

"దెబ్బ తగిలినాదా బాబూ?"

ఆయన మొహాన బురద తుడుచుకుని, ఒళ్ళు తడుముకుని, ఆశ్చర్యంగా, "లేదమ్మా. మెత్తగానే ఉంది" అన్నాడు. అని, తనే పకపకా నవ్వాడు.

"పదునున్న నేలంతే అదే. పిబ్రవరిలో మా భారతికి ఈ నేల దొరకనేదు." సుభద్రమ్మ గొంతులో కోపం లేదు. "నేల మీరు సరిగ్గానే ఎతికినారు. మనిసి కాళీగున్నాడా నేదా అన్నదే సూడనేదు. రెండూ కలిసిన రోజు ఎట్టాల."

"ఓడిపోయాను కాబట్టి అడుగుతున్నాను. మరి ఎప్పుడు పెట్టమంటారు?"

ఆ ప్రశ్న కోసమే కదా ఇన్నాళ్ళూ అన్నం మానుకుంది! సుభద్రమ్మ చేతిలో ఉన్న ఆకు కట్ట చంకలో పెట్టుకుని నింపాదిగా చెప్పింది. "ఆషాడం మాది, శ్రావణం మాది. వినాయక సవితి ఎల్నీండి. ఎల్లినాక వచ్చే ఆదివారం ఎట్టండి. అప్పటికి ఆఖరి మడి కూడా అయిపోతాది. కోతలికి ఇంకా రెండ్నెల్లుంటాది. నేల ఇలాగే మెత్తగుంటాది. దసరా ముందర ముగించీండి, తుపాన్లు ఆ తరవాతే ముదురుతాయి. అప్పుడు మా సేతిలో కూలి డబ్బులుంతాయి, దసరాకి మీ కొట్టుకే వస్తాం. ఆషాడంలో సవగ్గా అమ్ముకుని ఏటి బాగుపడతారు బాబూ?"

అనిత మేడం గట్టు మీద నిలబడే చప్పట్లు కొట్టింది. రంగనాథం గారు మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పోస్టర్లు మళ్ళీ వేయించాలి, టీవీవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి, మిగతా అయిదు జట్ల వాళ్ళని ఒప్పించాలి. కాని లెక్క తెలిసిన మనిషి. అంతకన్నా మంచి రోజు తన జన్మలో దొరకదని ఆయనకి అక్కడే, ఆ బురదలోనే అర్థమైపోయింది.

తేదీ మారింది. మిగతా జట్లవాళ్ళు ఒప్పుకోరేమో అని భయపడ్డారు గాని, విజయనగరం జట్టు నుంచి మొదట వచ్చిన జవాబే, "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు? మా పిల్లలూ మడుల్లోనే ఉన్నారు" అని. కమిటీ నిబంధనల పుస్తకంలో ప్రతి ఏటా సీజను వినాయక చవితి వెళ్ళిన తర్వాత వచ్చే ఆదివారం మొదలు కావాలని రాసి సంతకాలు పెట్టారు.

సుభద్రమ్మ పదకొండో రైతు పొలంలో ఆఖరి కుదురు చవితికి ఆరు రోజుల ముందు నాటింది. ఆ సాయంత్రమే ఏడుగురు పిల్లలూ సంచులు సర్దుకుని శ్రీకాకుళం వెళ్ళారు. వాళ్ళ గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండుకే గేలరీ నిండిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గోడలెక్కారు, గోడల మీద చోటు లేనివాళ్ళు నాగావళి గట్టున ఆపిన ట్రాక్టర్ల మీద నిలబడ్డారు. నడుములు నిటారుగా చేసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఊళ్ళకి ఊళ్ళే తరలివచ్చాయి. ఎల్లాజీ మైకు పట్టుకుని ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. ముసురు పట్టి సన్నటి తుంపర పడుతుంటే ఒక్కరూ కదల్లేదు. వానకి జడిస్తే వాళ్ళు ఆ జిల్లావాళ్ళే కాదు.

ఎదుటి జట్టు విజయనగరం. గట్టి పిల్లలు. మొదటి సగంలోనే రెండుసార్లు గీత దాటి పది పాయింట్లు కొట్టారు. శ్రీకాకుళానికి అయిదే. సుభద్రమ్మ ముందు వరసలో కూర్చోలేక, నిలబడలేక, "వంగే, వంగి అందుకోవే! ఆకు కట్టనుకోవే!" అని గొంతు చించుకుంది. రెండో సగంలో భారతిని ఇద్దరు కలిసి పడేశారు. అదే భుజం. పడిన చప్పుడు వినిపించింది. సుభద్రమ్మ కంచె దాకా పరిగెత్తింది.

భారతి లేచింది. జుట్టులోంచి బురద కారుతుంటే ఒకసారి భుజం విదిలించి, గేలరీ వైపు చెయ్యెత్తి, మళ్ళీ పరుగందుకుంది. ఆ పిల్ల లేచిన తీరుకి నాలుగువేలమందీ లేచి నిలబడ్డారు. ఆ వెంటనే ఏడుగురిలో ఒకతె హైమ గీత దాటి కొట్టిన అయిదు పాయింట్లతో పది పది అయింది. ఇంకొక్క నిమిషముంది. బంతి భారతి చేతిలో పడింది. ముందు ముగ్గురు అడ్డు నిలిచారు. తల తిప్పి చూడకుండానే భారతి బంతిని వెనక్కి విసిరింది. అక్కడ రేఖ ఉంది. ఉంటుందని భారతికి తెలుసు. తడిసి జారిపోయే ఆ బంతిని రేఖ ఒంటిచేత్తో అందుకుని, గుండెకి హత్తుకుని, బురద చిమ్ముకుంటూ గీత దాటి నేలమీద పడింది.

ఈల మోగింది. పదిహేను, పది. గేలరీలో పుట్టిన కేక నాగావళి అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఎగిరారు. చినబాబు ట్రాక్టరు హారను నొక్కిపట్టి వదల్లేదు.

రంగనాథం గారు గబగబా వచ్చి సుభద్రమ్మని వేదిక మీదికి తీసుకెళ్ళి, "ఈ సీజను ఈ రోజున మొదలైందంటే ఈ అమ్మ వల్లే" అని చెప్పి మైకు ఆమె చేతికిచ్చాడు. కింద ఏడుగురు పిల్లలూ బురదబొమ్మల్లా వరసగా నిలబడి ఉన్నారు. జనం సద్దుమణిగారు.

సుభద్రమ్మ మైకుని రెండు చేతులతో పట్టుకుంది. చుట్టూ చూసింది.

"పదకొండు తాంబూలాలు పుచ్చుకున్నాం. పదకొండు పొలాలూ నాటీసి వొచ్చినాం" అంది. "ఈలు నా గుంటలు. పేర్లు సెప్తాను, అందరూ ఇనుకోండి. ఇంకో ఏడుగురు కాదు, ఈలే. హైమ. రాధిక. కన్యాకుమారి. నీలవేణి. గున్నమ్మ. మా అన్నకూతురు భారతి."

ఒక్కో పేరుకీ గేలరీ ఊగిపోయింది. ఏడో పేరు చెప్పబోయి సుభద్రమ్మ కిందికి చూసింది. రేఖ అత్త కేసే చూస్తోంది. తిట్లకి ఎన్నడూ తడుముకోని ఆ నోరు అక్కడ ఆగిపోయింది. "నా కోడలు" అనగలిగింది గాని ఆ పైన మాట రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనక వరసలో ఎవరో ఆడమనిషి ముందుగా అందుకుంది. తర్వాత గేలరీ, గోడలూ, ట్రాక్టర్లూ, నది గట్టూ అన్నీ కలిసి ఆ పేరు పలికాయి.

"రేఖ!"